మంచానికి ఆ పక్క

ఆ వానాకాలం వరహాలమ్మకి గోడ తప్ప వేరే లోకం లేకుండా పోయింది.

విశాఖ పాతనగరంలో సముద్రం వైపు దిగే ఒక సందులో వాళ్ళ ఇల్లు. తాతల నాటి సున్నపు గోడలు. సందు వైపు గోడకి వాన ఏటవాలుగా కొడుతుంది. ఏళ్ళ తరబడి కొడుతూనే ఉంది, గోడ తాగుతూనే ఉంది, ఎండొస్తే ఆరిపోతూనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు మాత్రం ఆ గోడకి ఆనించి ఒక మంచం ఉంది. మంచం మీద ఆమె భర్త సన్యాసిరావు ఉన్నాడు.

టౌన్ బస్సు నడిపిన మనిషి. హారన్‌తో పని లేకుండా, కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేసి మార్కెట్ రోడ్డంతా ఖాళీ చేయించేవాడని పేరు. ఇప్పుడా గొంతులోంచి గాలి వచ్చినంతగా మాట రావడం లేదు. ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రిలో చెయ్యాల్సినవన్నీ చేసి, ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఎందుకని వరహాలమ్మ అడగలేదు. డాక్టరు గుమ్మం దాకా వచ్చి, ఇంకేం చెప్పాలో తోచనట్టు నిలబడి, "గది పొడిగా ఉంచండమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. ఆయన అంతకుముందు చెప్పినవన్నీ ఆసుపత్రి మెట్ల మీదే వదిలేసింది.

మొదట వచ్చిన కాంట్రాక్టరు కంపెనీ టీషర్టు వేసుకుని వచ్చాడు. ఫోనులో బొమ్మలు చూపించాడు. ముందు ఏడుపుగొట్టు ఇల్లు, తర్వాత పెళ్ళికూతురిలా అదే ఇల్లు. "గ్యారంటీ మేడమ్. చుక్క లోపలికొస్తే నన్నడగండి." తెరిపి చూసి, పాత సున్నం మీద సిమెంటు మెత్తించి, పైన వానకి చెక్కుచెదరని రంగు వేయించాడు. గోడ నీలంగా మెరిసింది. సందులో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. వరహాలమ్మ లోపలికి పరిగెత్తి, "అయిపోయిందండీ! ఇంక మీకేం భయం లేదు," అని చెప్పింది. సన్యాసిరావు తల ఊపాడు.

తర్వాతి వానకే గోడకి లోపలి వైపు చెమటలు పట్టాయి. అంతకుముందు అరచెయ్యంత ఉన్న మరక మంచం పొడుగునా పాకింది. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు.

ఇంకొకడు వచ్చి గోడ మొత్తానికి రేకులు బిగించేద్దామన్నాడు. మరొకడు రోగం పునాదిలో ఉందన్నాడు. ఒకాయనైతే గోడ ముట్టుకోనే లేదు, చేతులు వెనక్కి కట్టుకుని వీధి మొగలోంచే వాస్తు బాగాలేదని చెప్పి టీ తాగి వెళ్ళిపోయాడు. వచ్చిన ప్రతివాణ్ణీ ఆమె వానలో నిలబెట్టి గోడ చూపించింది. మొదట్నుంచీ కథంతా చెప్పింది. గొడుగు చిల్లులు పడింది, చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ తడే. ఇంట్లో ఉన్నదానికంటే సందులో ఉన్నదే ఎక్కువ. మందులేసే వేళకి లోపలికి వెళ్ళేది, మాత్ర నోట్లో పెట్టి నీళ్ళు పట్టించేది, అతని మొహం కంటే ముందు అతని వెనకున్న గోడ చూసేది, మళ్ళీ బయటికొచ్చేది.

ఎవడి మాట నమ్మాలో తెలీక ఆఖరికి గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

అప్పలస్వామి గురువుగారికి ఆశ్రమం లేదు, కాషాయమూ లేదు. పేము కుర్చీలు అల్లే చిన్న కొట్టుంది. పగలంతా అల్లుతాడు. సాయంత్రం శిష్యులు వస్తే తత్వాలు పాడించి, మధ్యలో రెండు మాటలు చెబుతాడు. వరహాలమ్మ పెళ్ళికి ముందు నుంచీ ఆయన శిష్యురాలు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడమే మాయ అని కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయన నోరు తెరిచేలోపే తను చెప్పేసేది. బాగా కూడా చెప్పేది. ఆయన అల్లుకుంటూ వినేవాడు.

"ఏటి తల్లీ, ఇలగ తడిసిపోయావు?" అన్నాడు ఆమెని చూసి.

"ఒక్క మేస్త్రీని చెప్పండి గురువుగారూ. అబద్ధమాడనివాడు ఒక్కడు. ఈ టౌన్లో మీకు తెలీని పనివాడుండడు."

"అబద్ధమాడని పనివాడా?" పేము కొసని పళ్ళతో కొరికి తీశాడాయన. "రేపిస్తానని చెప్పిన కుర్చీ ఇది. ఏ రేపో నాకే తెలీదు."

ఆమె నవ్వలేదు. ఆయన మొహంలో నవ్వు కూడా మెల్లిగా పోయింది.

"సన్యాసిరావు ఎలాగున్నాడు?"

"గది ఆరితే తేరుకుంటారు."

"అది కాదమ్మా, నేనడిగింది..."

"గది ఆరాలి గురువుగారూ. అంతే. గది ఆరితే చాలు."

ఆయన కుర్చీ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. "పద, చూద్దాం."

దారి పొడుగునా ఆమె గోడ గురించే చెప్పింది. సిమెంటు సంగతి, రంగు సంగతి, ఏ వానకి మరక ఎంత పాకిందో, ఏ కాంట్రాక్టరు ఏమన్నాడో. ఆయన నెమ్మదిగా నడిచాడు. చేపల బుట్ట దింపుకుని అరుగు కింద తలదాచుకున్న ముసలమ్మని పలకరించాడు. ఆ కాస్త ఆలస్యానికే వరహాలమ్మకి ఒళ్ళు మండింది. వీళ్ళందరికీ ఇంత తీరిక ఎక్కణ్ణుంచి వచ్చింది? తన గోడకి లేదే!

సందులో బంగార్రాజు అనే కాంట్రాక్టరు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఆమె రమ్మన్న వాళ్ళలో ఇతనే ఆఖరివాడు. హెల్మెట్ తియ్యకుండానే నీలం గోడని వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు.

"ఇదెవుడు సేసేడండి బాబూ? సున్నపు గోడకి రెయిన్‌కోటు తొడిగీసి బొత్తాలెట్టీసేడు! లోపలున్న తడికి బయటికెల్లే దారేదీ? మీ ఇంట్లోకే వస్తది మరి. నన్ను ముందు పిలిస్తే ఇలగ అవనిద్దునా?"

"ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి," అంది వరహాలమ్మ.

"ఈ సిమెంటంతా సెక్కీయాలి. గోడని ఆరనియ్యాలి. ఆరేక సున్నం ఎయ్యాలి. నా అంత సున్నం పనోడు ఈ టౌన్లో ఇంకోడు నేడు, ఎవుర్నయినా అడగండి."

"రేపు మొదలెడతారా?"

అతను హెల్మెట్ అద్దం ఎత్తి మబ్బు వైపు చూశాడు. "ఈ వానలోనా? తడి గోడని సెక్కితే ఇటికలు సేతిలోకొచ్చేస్తాయమ్మా. వానలు ఎలవాలి, ఎండ తగలాలి. కార్తీకం దాటితే గానీ అవదు."

"టార్పాలిన్ కట్టిస్తాను. లోపల కుంపట్లు పెడతాను. హీటర్ అద్దెకి తెస్తాను. ఎలాగోలా చెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"నాకెందుకమ్మా దణ్ణం, అది నా సేతిలో నేదు," అన్నాడతను. ఈసారి గొంతులో గొప్ప తగ్గింది.

గురువుగారు ముందుకొచ్చాడు. అతని భుజం తట్టి, "కార్తీకం దాటేక రా నాయనా. పని నీదే," అన్నాడు.

బైకు వెళ్ళిపోయింది. వరహాలమ్మ చేతిలో గొడుగు పక్కకి వాలింది.

"పంపించేశారా! సరైనవాడు ఒక్కడంటే ఒక్కడు దొరికితే, మీరే పంపించేశారు! కుర్చీలనుకున్నారా, ఇవాళ కాకపోతే రేపు అల్లుకోవడానికి? కార్తీకం దాటడమేంటి? ఆయన అప్పటిదాకా..."

మాట అక్కడే ఆగింది.

దాన్ని పూర్తి చెయ్యమని ఆయన అడగలేదు. చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

సన్యాసిరావు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు బట్టి గుర్తుపట్టాడు.

"దండాలు గురువుగారూ. లేవలేను."

"లేవకు. ఏం చూస్తున్నావు?"

"గోడ." ఊపిరి కూడదీసుకున్నాడు. "నిన్న ఇక్కడ... బస్సుండేది. ఇయ్యాల ఏనుగయింది."

"తొండమేదీ?"

సన్యాసిరావు వేలెత్తి మరక మీద మెల్లిగా గీత గీసినట్టు చూపించాడు. గురువుగారు మంచం మీదుగా వంగి, ఆ వేలి వెంట చూసి, "ఉందిరోయ్," అన్నాడు.

వరహాలమ్మ గుమ్మంలోనే ఉండిపోయింది. ఆ మరకని ఊళ్ళో ఉన్న కాంట్రాక్టర్లందరికీ చూపించింది తను. దాని పొడుగూ వెడల్పూ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అందులో ఏనుగుందని తెలీదు. పొద్దస్తమానం ఆయన దానితో ఒక్కడూ కాలక్షేపం చేస్తున్నాడని కూడా తెలీదు.

గురువుగారు మంచానికి కాళ్ళ వైపు వెళ్ళి పట్టె మీద చేతులేశాడు.

"వద్దు!" ఆమె పరిగెత్తుకొచ్చి తల వైపు పట్టె పట్టుకుంది. "గోడ దగ్గర్నుంచి తియ్యకండి గురువుగారూ!"

ఆ సందులో అదొక పట్టింపు. రోగి మంచం గోడకి ఆనే ఉండాలి. అలా ఆని ఉన్నంతకాలం మనిషిని ఇల్లు పట్టుకుని ఉన్నట్టు. మంచం గది నడుమకి వచ్చిందంటే ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇరుగుపొరుగు వచ్చి గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడతారు. దూరాన ఉన్న చుట్టాలకి ఫోన్లు వెళతాయి. వరహాలమ్మ వాళ్ళ నాన్న మంచం అలాగే వచ్చింది నడుమకి. అత్తగారిదీ అలాగే వచ్చింది. అందుకే గోడ ఎంత కారినా ఆమె మధ్యలో ప్లాస్టిక్ పట్టా దోపింది, తడిసిన దుప్పటి తీసి పొడిది వేసింది, అదీ తడిస్తే ఇంకొకటి వేసింది. మంచాన్ని మాత్రం జానెడు జరపలేదు.

గురువుగారు లాగలేదు, వదల్లేదు. పట్టుకుని నిలబడ్డాడంతే.

"రానీ వరహాలూ," అన్నాడు సన్యాసిరావు. "చలేస్తోంది."

ఆమె పట్టె వదలకుండానే అతని మీదికి వంగింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు... గోడ బాగుచేయిస్తన్నావు కదా."

ఆమె చేతులు పట్టె మీదే ఉండిపోయాయి. గట్టిగా, వేళ్ళు తెల్లబడేలా. అడ్డం పడ్డ ఆ చేతులే కాసేపటికి లాగడం మొదలెట్టాయి. మంచం కోళ్ళు గచ్చు మీద కీచుమన్నాయి. ఆ చప్పుడు పక్కింటికి వినబడే ఉంటుంది. వినబడనీ అనుకోవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు, అయినా లాగింది. మంచం గది నడుమకి వచ్చి ఆగింది.

మంచానికీ గోడకీ మధ్య ఖాళీ తేలింది. నలిగిన పట్టా, బూజు వాసన, నల్లబడిన గచ్చు. ఒక మనిషి కూర్చునేంత చోటు.

గురువుగారు ఇవతలి పక్క నేల మీద చతికిలబడ్డాడు. వరహాలమ్మ నిలబడే ఉంది. కళ్ళు వీధి గుమ్మం వైపే ఉన్నాయి. ఇంకో మేస్త్రీ ఎవడైనా ఉన్నాడా, ఇంకెవరికి ఫోన్ చెయ్యాలి అని మనసు ఇంకా వెతుకుతూనే ఉంది. వెతకడం ఎలా ఆపాలో దానికి తెలీదు.

"ఆ పక్క నీది తల్లీ," అన్నాడాయన. "ఇన్నాళ్ళూ గోడ కూర్చుంది."

ఆమె మంచం చుట్టూ తిరిగి వెళ్ళి ఆ ఇరుకులో కూర్చుంది. వీపుకి గోడ తగిలింది. మంచులా ఉంది. జాకెట్టు తడిసింది, తడి నడుము దాకా దిగింది. సన్యాసిరావు ఇంకా అటే తిరిగి ఉన్నాడు. మరక ఉన్నచోట ఇప్పుడు ఆమె మొహం ఉంది. ఎన్నాళ్ళయిందో తను ఇంత దగ్గరగా అతని మొహం చూసి. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం అవే.

సన్యాసిరావు ఆమెని చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు.

"వానింకా పడతందా?"

తగ్గిపోతుందండీ అన్న మాట అలవాటుగా ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"పడుతోంది," అంది.

అతను "ఊఁ" అని, దుప్పట్లోంచి చెయ్యి తీసి ఆమె వైపు చాపాడు.