జామపండుకు గింజలు తీసిన రాకుమారుడు

ఊఁ కొడుతూ వినాలి మరి. ఎవరైనా కునుకు తీశారంటే కథ అక్కడే ఆపేస్తాను.

అనగా అనగా మందారపురం అని ఒక రాజ్యం. దాన్ని ఏలే మణికేతు మహారాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి దూస్తే ఎదురు నిలిచేవాడు లేడు. రెండోవాడు బాణం వేస్తే గురి తప్పేది కాదు. మూడోవాడు ఉదయకేతుడు. అతనికి ఏ పని కంటపడితే ఆ పని నేర్చుకోవాలని సరదా. కుమ్మరి దగ్గర కూర్చుని కుండ చేస్తే అది వంకర పోయేది. వడ్రంగి దగ్గర కూర్చుని పీట చేస్తే దాని మీద కూర్చున్నవాళ్ళు కింద పడేవాళ్ళు. అన్నలు పగలబడి నవ్వేవాళ్ళు. అతను మాత్రం చిన్నబుచ్చుకోకుండా, "ఎక్కడ తప్పు చేశానో చెప్పండి" అని అడిగేవాడు. ఎంతమందికి వస్తుంది చెప్పండి, ఆ మాట అడగడం!

ఏడు సముద్రాల అవతల కాలదంష్ట్రుడనే మాంత్రికుడు ఉండేవాడు. తన దీవి దగ్గరికి వచ్చిన మనుషులను వచ్చినట్టే రాళ్ళుగా మార్చేసేవాడు. వాణ్ణి చంపుతామని అన్నలిద్దరూ కత్తీ విల్లూ పట్టుకుని వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. మహారాజు తిండి మానేశాడు. అప్పుడు ఉదయకేతుడు తండ్రి కాళ్ళకు మొక్కి, ఉత్త చేతులతో బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని గిలగిలా కొట్టుకుంటోంది. అతను ఓపికగా ముడులన్నీ విప్పాడు. "నాయనా, నా వీపెక్కు" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు, అలా అలా ఏడూ దాటారు.

దీవి చేరాక తాబేలు చెప్పింది: "మాంత్రికుడి ప్రాణం బంగారు పంజరంలోని చిలకలో ఉంది. తొందరపడి దాని పీక నులమకు. వాడు చస్తాడు గానీ మీ అన్నలు ఎప్పటికీ రాళ్ళుగానే ఉండిపోతారు. మంత్రం వేసిన నోరే దాన్ని విప్పాలి."

కోట గుమ్మానికి అటొక రాతి స్తంభం, ఇటొక రాతి స్తంభం. వాటికి అన్నల ముఖాలు. ఉదయకేతుడికి దుఃఖం ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, "అయ్యా, ఏదైనా పని ఉంటే ఇప్పించండి" అన్నాడు.

మాంత్రికుడు మంచం మీద నీరసంగా పడి ఉన్నాడు. చిలక తిండి మానేసింది, అందుకని వాడికీ ఆకలి పోయింది. "నా చిలకను సాకుతావా? అది కోలుకుంటే సరే. లేదంటే ఆ గుమ్మం దగ్గర మూడో స్తంభానికి చోటుంది" అన్నాడు.

ఉదయకేతుడు మంచి జామపండు తెచ్చాడు. రాచబిడ్డ కదా, తనకు అంతఃపురంలో ఎలా పెట్టేవారో అలాగే చేశాడు. తొక్క తీసి, గింజలన్నీ ఏరి పారేసి, మెత్తని గుజ్జు వెండి పళ్ళెంలో పెట్టాడు. చిలక మొహం తిప్పుకుంది.

తోటపని చేసే చెంగలి అది చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాంత్రికుడు ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి ఆ తోటలో పనికి పెట్టిన పిల్ల ఆమె.

"ఏమయ్యా, పళ్ళూడిన తాతకి పెడుతున్నావా, చిలక్కి పెడుతున్నావా? దానికి కావలసిందే గింజలు. పండు అలాగే ఇయ్యి. కొరికి పారేసుకుంటే పారేసుకోనీ."

"అయ్యో, ఇన్నాళ్ళూ చిలకలు పండు తింటాయనుకున్నానే!" అని ఆశ్చర్యపోయాడు ఉదయకేతుడు. గింజల పండు పెట్టాడు. చిలక కొరికి, సగం గుజ్జు అతని మీదే పడేసి, గింజలు కమ్మగా తింది. ఆ పూట మాంత్రికుడికీ ఆకలేసింది.

తర్వాత అతను చిలక కాళ్ళ మీద పుళ్ళు చూశాడు. నున్నటి బంగారు కడ్డీ మీద కాళ్ళు జారి జారి పుళ్ళు పడ్డాయి. దాన్ని తీసేసి, బెరడున్న జామకొమ్మ కట్టాడు. చిలక ఆ కొమ్మను గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. పుళ్ళు మానాయి.

ఇక మూడోది కిటికీ. ఆ గది కిటికీ ఎన్నడూ తెరవకూడదని మాంత్రికుడి ఆజ్ఞ. కానీ చీకట్లో మగ్గిపోతున్న చిలకను చూసి అతనికి జాలేసింది. రోజూ కాసేపు కిటికీ తలుపు తీసి ఎండ తగలనిచ్చాడు. స్నానానికి నీళ్ళు పెట్టాడు. చిలక నీళ్ళలో రెక్కలు కొట్టి అతన్ని తడిపి ముద్ద చేసింది.

ఒక పొద్దున వెళ్ళి చూసేసరికి పంజరం నిండా ఈకలు! తోక ఊడింది, మెడ బోసిపోయింది. ఉదయకేతుడు రాలిన ఈకలు దోసిట్లోకి తీసుకున్నాడు. "చేతులారా చంపేసుకున్నాను. అన్నలు ఇక రాళ్ళే" అని కూలబడి ఏడ్చాడు.

అంతవరకు ఒక్క మాటైనా పలకని చిలక నోరు విప్పింది. "ఒరే పిచ్చినాయనా, ఏడవకు! చిన్నప్పుడు అడవిలో ఏటేటా ఇలాగే పాత ఈకలు రాలేవి. చీకట్లో పడ్డాక ఆ సంగతే మరిచిపోయాను. ఇదిగో, దగ్గరికొచ్చి చూడు."

చూశాడు. చర్మం మీద సన్నని ముళ్ళలా కొత్త ఈకలు పొడుచుకొస్తున్నాయి. ఎంత చిత్రం! చావు అనుకున్నది కాస్తా కొత్త బట్టలు కట్టుకోవడమట!

ఇంతలో మాంత్రికుడు లబోదిబోమంటూ వచ్చాడు. చిలకకు ఈకలు రాలితే వాడికి జుట్టంతా రాలింది. గడ్డం లేదు, మీసం లేదు, కనుబొమలు కూడా లేవు. "చచ్చిపోతున్నానురా! ఏదో ఒకటి చెయ్యరా!"

ఉదయకేతుడు పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. "ఈకలన్నీ వచ్చేదాకా కంటికి రెప్పలా సాకే పూచీ నాది. ముందు మీరు రాళ్ళుగా మార్చినవాళ్ళందరినీ మనుషులను చెయ్యండి. తర్వాత ఇంకెవరినీ ముట్టుకోనని ప్రాణం మీద ఒట్టు వెయ్యండి."

బతికితే చాలన్నట్టు వాడు ఒట్టు వేసి, మంత్రం విప్పేశాడు. స్తంభాలు కదిలాయి. అన్నలు పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు.

"నువ్వు రాకుమారుడివా!" అంది చెంగలి. "అందుకేనా పండుకి గింజలు తీశావు!"

పెద్దన్న కత్తి దూసి పంజరం వైపు నడిచాడు. ఉదయకేతుడు అడ్డం నిలబడ్డాడు. "వద్దన్నయ్యా. మాట ఇచ్చాను. అదీగాక, ఇది నా చేతి మీద తిన్న పిట్ట."

అన్నలు మొదటిసారి ఆ తమ్ముణ్ణి తలెత్తి చూశారు. నిజంగానే చూడవలసిన మనిషి.

ఈకలు వచ్చేదాకా ఉదయకేతుడు అక్కడే ఉన్నాడు. చిలక ఆకుపచ్చగా నిగనిగలాడింది. మాంత్రికుడికి నల్లగా ఒత్తుగా జుట్టు మొలిచింది. అప్పుడు అతను పంజరం తలుపు తీశాడు. చిలక తుర్రున ఎగిరి తోటలోని చిలకల గుంపులో కలిసిపోయింది.

ఉదయకేతుడు చెంగలిని, "నాతో వస్తావా?" అని అడిగాడు. "పని నేర్చుకునే మొగుడైతే నాకు ఇష్టమే" అంది ఆమె. మందారపురంలో వాళ్ళ పెళ్ళి ఊరంతా చెప్పుకునేలా జరిగింది. అన్నలిద్దరూ తామే కోరి తమ్ముణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. చాలాకాలం చల్లగా ఏలాడు. ఆయన కుండలు మాత్రం చివరిదాకా వంకరగానే వచ్చేవి.

మరి మాంత్రికుడో? తోటలో ఎన్నో చిలకలు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తన ప్రాణం దేనిలో ఉందో తెలిసేదెలా? అందుకని అన్నిటికీ పళ్ళు పెట్టాలి, అన్నిటికీ నీళ్ళు పెట్టాలి, గద్ద వస్తే అన్నిటి కోసం పరుగెత్తాలి. ఒకరోజు అలిసిపోయి చెట్టు కింద చతికిలబడితే ఒక చిలక వచ్చి భుజం మీద వాలింది. అది తన ప్రాణమో కాదో వాడికి తెలియదు. అది ఎగిరిపోయేదాకా మాత్రం కదలకుండా కూర్చున్నాడు.