యంత్రం చదవని వరుసలు

"యంత్రం చదవని వరుసలు ప్రోగ్రాములో ఎందుకు, మాస్టారూ?" అని హిమజ అడిగిన మాట న్యాయమైనదే. వంతెనల కంపనాలు లెక్కగట్టడానికి కూర్మనాథం మాస్టారు ముప్పయ్యేళ్ల కిందట రాసిన టూల్‌బాక్స్, అంటే ప్రోగ్రాముల కట్ట, అది. పనిచేసే వరుసలకన్నా మనుషులు చదువుకోవడానికి రాసిన, పనీపాటా లేని వ్యాఖ్యలే ఎక్కువ. కాలేజీలో ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్సు గడువు తీరిపోవడంతో, దాన్ని అదే భాష తెలిసిన ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకుంటూ, ఆ పిల్ల వ్యాఖ్యలన్నీ ఊడ్చిపారేసింది. పాత ఫైలు కూడా ఉంచుకోలేదు.

"ముందు జవాబు తెలిసిన ఆ నమూనా దూలం లెక్క చేసి చూడమ్మా," అన్నారు మాస్టారు.

చేసింది. రావలసింది 3.516. వచ్చింది 3.498. ఎక్కడా తప్పని చెప్పకుండా చక్కగా నడిచిన ప్రోగ్రామే! హిమజ ఇంకోసారి నడిపింది. అదే 3.498. శుక్రవారం థీసిస్ ఇవ్వాలి, నాలుగేళ్ల లెక్కలూ దీనిమీదే ఉన్నాయి. రెండు రోజులు వరుస వరుసా తడిమింది. తప్పు దొరికితే ఒట్టు. మూడోనాడు ఏడుపు ముఖంతో మాస్టారింటికి వెళ్లింది.

ఆయన బీరువాలోంచి అంచులకి చిల్లులున్న, టూల్‌బాక్స్ పాత ప్రింటు కాగితాలు తీశారు. టూల్‌బాక్స్‌ను కొత్త చోట నడిపినవాళ్లు పేరుతో ఒక వరుస రాసి వెళ్లడం మాస్టారి ల్యాబులో ఆనవాయితీ; హిమజ ఊడ్చేసిన వ్యాఖ్యలు అవే.

"వీడు సన్యాసిరావు. కంప్యూటర్ గదిలోకి చెప్పులు రానిచ్చేవాళ్లం కాదు. వీడి మేజోళ్లకి ఎప్పుడూ బొటనవేలి దగ్గర చిల్లే!" పేరుపేరునా చదువుతుంటే ఆయన గొంతు మెత్తబడింది. ఆ చల్లటి గదీ లేదు, ఆ గుమిగూడిన మనుషులూ లేరు. అయ్యో రామా, కబుర్లకి ఇదా సమయం అనుకుంది హిమజ.

అప్పుడొచ్చింది కనకరత్నం అనే ఆవిడ రాసిన వరుస: "ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ మనం చెప్పకపోతే లెక్క ముందే ఆపేస్తుంది. సరైన జవాబుకి ఎంత దగ్గరదాకా వెళ్లాలో మీరే చెప్పండి. ఇది తెలియడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మీకు పట్టకూడదు."

హిమజ ప్రోగ్రాముకి అలాగే చెప్పింది. 3.516 వచ్చింది. కళ్లు తుడుచుకుని, ఆ వరుసలన్నీ ఒక్కొక్కటే మళ్లీ టైపు చేసింది.

"ఆవిడ ఫోన్ నంబరుందా, మాస్టారూ? ఒక్క మాట చెప్పుకోవాలి."

"పోయి ఆరేళ్లయింది, తల్లీ." మాస్టారు కాగితాలు మడిచారు. "నీ వరుస రాసి వెళ్లు. వచ్చేవాళ్లకీ శుక్రవారాలుంటాయి."