పెంకులు కప్పుకున్న ఆనపపాదు

మా ఊళ్ళో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే పాలింగి వారింట్లో ముగ్గురూ ఒక్కసారే చెయ్యెత్తుతారు. ఇంటాయన తాతబ్బాయి, ఆయన భార్య అచ్చాయమ్మ, ఆమె తమ్ముడు పల్లయ్య. ముగ్గురికీ కలిపి ఒకటే సిద్ధాంతం. ఊళ్ళో జనం ఒక మాట విని ఇంకో పని చేస్తారట. వీళ్ళు మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తారట. తెలివంటే అంతకు మించి ఏముందని తాతబ్బాయి రచ్చబండ మీద అరగంట చెప్పేవాడు. అరగంట కూర్చుని రమ్మని అచ్చాయమ్మ పంపించేది కాబట్టి అరగంట కాగానే మాట మధ్యలో లేచి వచ్చేసేవాడు.

వాళ్ళ పక్కిల్లే మాది. నేను పరాయి ఇళ్ళ సంగతులు పట్టించుకునే మనిషిని కాను. ప్రహరీగోడ పక్కన ఎత్తుపీట వేసుకున్నది మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి. మా ఇంట్లో ఏడాది పొడుగునా మిరపకాయలు ఎండుతూనే ఉంటాయి, దానికి నేనేం చెయ్యను? పీట ఎక్కితే పక్కపెరడు కనిపిస్తుంది. కనిపించాక సలహా చెప్పకుండా ఉండడం మర్యాద కాదు.

ఆ వైశాఖంలో అచ్చాయమ్మ కూతురు మంగతాయారు అత్తారింటి నుంచి కబురొచ్చింది. పిల్లకి ఆరో నెల. తొలి పురుడు పుట్టింట్లోనే పొయ్యాలి కదా, శ్రావణంలో తీసుకొస్తామన్నారు. అయితే వియ్యపురాలు రత్తమ్మ ఒక షరతు పెట్టింది. కిందటేడు వానాకాలం వచ్చినప్పుడు ఆవిడ పళ్ళెంలో పప్పు కంటే పైనుంచి కారిన నీళ్ళే ఎక్కువయ్యాయి. ఈసారి నా కోడలి నెత్తిన ఒక్క చుక్క పడినా వచ్చిన బండిలోనే వెనక్కి తీసుకెళ్ళి పురుడు మా ఇంట్లోనే పోసుకుంటానని తేల్చి చెప్పింది.

ఇంకేముంది, అచ్చాయమ్మకి ఆ రోజు నుంచి నిద్ర లేదు. ఒక్కగానొక్క కూతురు. మనవడో మనవరాలో పుట్టగానే మొదట తను ఎత్తుకోవాలి, మొదటి స్నానం తను పొయ్యాలి. పన్నెండేళ్ళుగా బాలింత కాయం దంచడానికని రోలు ఒకటి పక్కన పెట్టుకుని, దాంట్లో పచ్చడి కూడా నూరుకోలేదు. అదీ ఆవిడ ఆశ.

పెంకులు తిరగనేసే ముత్యాలు మేస్త్రీ వచ్చి ఇంటి చుట్టూ తిరిగి చూసి పన్నెండు వేలన్నాడు. ఇంట్లో ఎనిమిది ఉన్నాయి. అచ్చాయమ్మ గోడ దగ్గరకొచ్చి, నాలుగు వేలు ఎక్కణ్ణించి తేవాలి వదినా అని అడిగింది. నేను పీట మీదే ఉన్నాను, మిరపకాయల కోసం.

"ఖర్చులన్నీ సగానికి తగ్గించండి. ఆ ఎనిమిది వేలూ పెంకుల పనికి తప్ప దేనికీ తియ్యకండి. పెరట్లో నాలుగు ఆనపపాదులు పెట్టుకోండి, కాయలమ్మితే మిగతాది వస్తుంది" అన్నాను.

మూడు ముక్కలూ బంగారం లాంటి ముక్కలు. ఇప్పటికీ అదే అంటాను.

అంతే. మర్నాటి నుంచి సగాలు మొదలయ్యాయి. పల్లయ్య క్షవరానికి వెళ్ళి సగమే చెయ్యమన్నాడు. మంగలి అప్పన్న కుడివైపు కత్తిరించి, ఎడమవైపు వచ్చే నెల అని చెప్పి సగం డబ్బులే తీసుకున్నాడు. మరుసటి నెల ఎడమవైపు కత్తిరించేసరికి కుడివైపు పెరిగింది. పల్లయ్యని చూడ్డానికి వచ్చిన పెళ్ళివారు ఒక పక్క నుంచి చూసి ముచ్చటపడి, రెండో పక్కకి జరిగి కూర్చోగానే బస్సు టైమయిందని లేచారు. తాతబ్బాయి కళ్ళజోడుకి ఒకటే అద్దం వేయించుకున్నాడు. ఆ కంటితో పేపరు చదివి, రెండో కంటితో ఏం చదివావని అడిగేవాడు. సంతకి బస్సు టిక్కెట్టు ఇరవై. పల్లయ్య పదికి తీసుకుని, సగం దూరంలో చెరుకుతోటల దగ్గర దిగి, అక్కడ సంత లేకపోయేసరికి ఏమీ కొనకుండా నడిచి వచ్చాడు. ఏమీ కొనలేదు కాబట్టి ఆ రోజు ఖర్చు సగం కన్నా తగ్గిందని ముగ్గురూ పొంగిపోయారు. కూరలో ఉప్పు సగం వేసుకుని, మిగతా సగానికి మా ఇంటికి వచ్చారు.

నేను ఊరంతా చెప్పుకుని నవ్వాను. నా సలహా అన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇక పాదులు. విత్తనాల కొట్టాయన పల్లయ్యకి గింజలిచ్చి, పాదుకి రోజూ పొద్దున్నే ఒక చెంబు నీళ్ళు, అంతకు మించితే వేరు కుళ్ళిపోతుందని చెప్పాడు. పల్లయ్య రోజూ చెంబు కొలిచి పోసేవాడు. ఒకసారి చెంబులో చీమ కనిపిస్తే, చీమంత నీరు తగ్గిందని ఇంకో చుక్క కలిపాడు. మొక్కలు లేచాయి, తీగ సాగింది. అచ్చాయమ్మ రోజూ పాదు దగ్గర కూర్చుని, ఇవి కాస్తే పెంకులు, పెంకులొస్తే పిల్ల అని లెక్క చెప్పుకునేది.

జ్యేష్ఠం చివర్లో వాన పడింది. ఊరంతా సంతోషించింది. పాలింగి వారింట్లో మాత్రం ఏడుపులు. నేను పీటెక్కి చూద్దును కదా, ముగ్గురూ గొడుగులు పట్టుకుని పాదుల మీద నిలబడ్డారు. నాలుగో పాదు మీద అచ్చాయమ్మ కొంగు కప్పింది.

"ఏంటి ఈ తతంగం?" అన్నాను.

"పొద్దున్నే చెంబు పోసేశాం అక్కా. ఇప్పుడు ఈ వాన నీళ్ళు లెక్కకి మించి కదా" అన్నాడు తాతబ్బాయి.

ఎంతసేపని నిలబడతారు? తాతబ్బాయి ఆలోచించాడు. అది ఎప్పుడూ ప్రమాదమే. ఇంటి మీద పెంకులు ఎలాగూ కారుతున్నాయి, తీసి తిరగనెయ్యాల్సినవే. ఈలోగా నాలుగు తీసి పాదుల మీద పెడితే పోయేదేముంది? పల్లయ్య నిచ్చెనేసి నాలుగు పెంకులు దించాడు. తీగ రోజుకో జాన పాకుతోంది. దాని వెనకే పెంకులు కూడా పాకాయి. నాలుగు నలభై అయ్యాయి, నలభై నాలుగు వందలయ్యాయి. ఆషాఢం వచ్చేసరికి ఇంటి మీద వాసాలు మిగిలాయి, పెరట్లో నేల కనిపించడం మానేసింది.

ఆనపతీగ నేల మీద ఉంటే కాయ పుచ్చిపోతుంది, పందిరి వెయ్యండి అన్నాను నేను. నిజమే కదా. ఎవరినైనా అడగండి.

పందిరికి కర్రలు కావాలి. ఇంటి మీద వాసాలు పెంకులు లేక ఊరికే ఎండకి ఎండుతున్నాయి. ఇంకేముంది, వాసాలు దిగాయి, పెరట్లో నిటారుగా నిలబడ్డాయి. దిట్టమైన టేకు పందిరి. మా పంచాయతీ ఆఫీసు కూడా అంత గట్టిగా లేదు, ప్రెసిడెంటు గారు వచ్చి చూసి ఒక వాసం తట్టి వెళ్ళిపోయారు. తీగ పందిరెక్కింది. మళ్ళీ వాన పడితే లెక్క తప్పుతుంది. అందుకని ముత్యాలు మేస్త్రీని పిలిచి పందిరి మీద పెంకులు నేయించారు. ఎనిమిది వేలూ ఆయన చేతిలో పెట్టారు. పెంకుల పనికి తప్ప తియ్యొద్దని నేను చెప్పిన డబ్బు. పెంకుల పనికే తీశారు. మేస్త్రీ బీడీ వెలిగించుకుని, ఇల్లు ఇటుందేమోనండీ అని ఒక్కసారి అడిగాడట. వద్దు, పాదుకే అన్నారట. ఆయన బీడీ వెలిగించాక వాదించే మనిషి కాదు. మంచి పనివాడు. పందిరిలోకి ఒక్క చుక్క దిగదు.

వెలుతురు కూడా దిగదు. నాలుగు పాదులూ ఆ చీకట్లో పాలిపోయి, మూడు పువ్వులు పూసి, గుప్పెడంత కాయ ఒకటి కాశాయి. ఆ ఒక్క కాయని నాలుగు వేలకి ఎవరు కొంటారో అని పల్లయ్య సంతలో వాకబు చేశాడు. అంటే సగం దూరంలో, చెరుకుతోటల దగ్గర.

శ్రావణం రెండో శుక్రవారం బండి వచ్చి ఆగింది. మంగతాయారు దిగింది, నడుము మీద చెయ్యి వేసుకుని. వెనక రత్తమ్మ దిగింది, మబ్బు వైపు చూసుకుంటూ. నేను పీటెక్కాను. మిరపకాయలు లోపల పెట్టాల్సిన సమయమే అది, కానీ పెట్టలేదు.

రత్తమ్మ గుమ్మం దాటి లోపలికి వెళ్ళి తలెత్తింది. పైన ఆకాశం. నాలుగు గోడలు, రెండు కిటికీలు, దేవుడి పటం మీద పిచ్చుక.

"కప్పేదండీ?" అంది.

తాతబ్బాయి ఒంటి అద్దంలోంచి ఆవిణ్ణి చూసి, గర్వంగా చెప్పాడు. "ఇంక మా ఇల్లు కారదండీ. కారడానికి పైన ఏమీ లేదు."

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. చుక్క పడలేదు. కడవలు కడవలు పడింది. పెరట్లో పందిరి కింద ఆనపకాయ ఒక్కటి పొడిగా, హాయిగా వేలాడుతోంది. రత్తమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బండి వైపు నడిచింది.

అచ్చాయమ్మ అడ్డం వెళ్ళలేదు. ఏడవలేదు కూడా. తడుస్తూ రోలు దగ్గరకెళ్ళి, దాంట్లో నిండిన వాన నీళ్ళు రెండు చేతులతో బయటికి తోడడం మొదలుపెట్టింది. తోడినంతా మళ్ళీ నిండుతోంది. మంగతాయారు బండి దగ్గర ఆగి, అమ్మా ఊరుకోవే అంది.

నేను అంతవరకూ వాళ్ళకి ఇచ్చినవన్నీ సలహాలే. పైసా ఖర్చు కానివి. ఆ రోలు చూశాక నా నోరు ఊరుకోలేదు. పీట దిగి వెళ్ళి, మా డాబాలో పురుడు పొయ్యండని రత్తమ్మతో అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. పక్కింట్లో పురుడేమిటి, పుట్టిల్లు అంటే పుట్టిల్లే ఉండాలి, రేపు నలుగురూ ఏమంటారు అంది.

"పక్కిల్లు ఎందుకైంది? ఈ రోజు నుంచి అది వాళ్ళిల్లు. ఇది నాది. మార్చేసుకున్నాం" అన్నాను.

రత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "అయితే నువ్వు అందులో ఉండకూడదు మరి."

"ఉండను" అన్నాను. అంటే అన్నట్టే.

అంతే. సాయంత్రానికల్లా వాళ్ళ రోలు మా డాబాలోకి, నా మంచం వాళ్ళ గోడల మధ్యకి చేరాయి. భాద్రపదం మొదట్లో మంగతాయారుకి ఆడపిల్ల పుట్టింది. మొదటి స్నానం అచ్చాయమ్మే పోసింది. చెంబు కొలిచి పోసిందని విన్నాను. విన్నాను అనే చెప్పాలి, చూడలేదు. ఎత్తుపీట అవతలి వైపు ఉండిపోయింది.

మీరడుగుతారు, పందిరి కింద పడుకోకూడదా అని. నేనూ అనుకున్నాను. కానీ ఇల్లు మార్చుకున్నానన్నాను గాని పందిరి మార్చుకున్నానని అనలేదు కదా. మాట తప్పే మనిషిని కాను. గొడుగు వేసుకుని కూర్చున్నాను. ముత్యాలు మేస్త్రీని పిలిపిస్తే రేకుల కప్పుకి పద్నాలుగు వేలన్నాడు. నా దగ్గర ఏడున్నాయి.

అప్పుడు గోడ మీద తాతబ్బాయి తల లేచింది. నా పీట మీదే ఎక్కాడు. చంకలో మనవరాలు, ముక్కు మీద ఒంటి అద్దం.

"ఖర్చు సగానికి తగ్గించెయ్యి అక్కా" అన్నాడు.

ఆలోచిస్తే బాగానే ఉందనిపించింది. మేస్త్రీతో సగం కప్పే వేయించాను. ఆయన బీడీ వెలిగించుకుని ఏ సగం అని అడిగాడు. తూర్పు సగం అన్నాను. మంచం పడమట ఉంది. దాన్ని జరపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఖర్చు సగం కదా, పల్లయ్య ఒక్కణ్ణే పిలిచాను. వాడు సగం దూరం లాగి, సగం కూలి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు తల పొడిగా ఉంటుంది. మోకాళ్ళ కింద నుంచి వాన. ఒక విధంగా మంచిదే. పడుకునే ముందు కాళ్ళు కడుక్కునే నీళ్ళ ఖర్చు మిగిలిపోతోంది.