పొగడమ్మ వంపు

గుమ్మిడివాడ వేసవి మేడకు వచ్చే భక్తులు ముందుగా మెట్లెక్కరు. గేటు నుంచి మేడకు పోయే రాతిబాట నడుమ ఒకచోట కొడవలిలా వంగుతుంది. ఆ వంపులోని పొగడచెట్టే ఇక్కడి దేవత. విగ్రహం లేదు, హుండీ లేదు, పూజారి లేడు. మేడ ప్రభుత్వానిది, తోట మాత్రం తవ్విన చేతులది.

పూర్వం ఇక్కడ బోడికొండ ఉండేది. జమీందారు దానిని తోటగా మార్చబూనినప్పుడు సూరమ్మ అనే కూలి మనిషి పచ్చి బాలింతగానే మట్టిగంప ఎత్తింది. మేడలు రాజులు కట్టారని చరిత్ర రాస్తుంది. ఆ రాజుల్లో ఒక్కడి నెత్తినా గంప కనబడదు. బోడికొండ మీది ఎండలకు సూరమ్మ బిడ్డ బారసాల కాకముందే కన్నుమూసింది. తల్లి బిడ్డను ఇక్కడే పూడ్చి, పైన పొగడ మొక్క నాటింది. పనిలోకి వస్తూ పోతూ దాని మొదట్లో చేయి ఆనించేది, నిద్రపోయే బిడ్డ ఒళ్లు చూసినట్టు.

కొన్నాళ్లకు, బండి నేరుగా మేడ ముందు ఆగేలా బాట వేయమని జమీందారు దొర ఆజ్ఞ అయింది. ముగ్గుతో గీసిన గీత సరిగ్గా ఆ మొక్క మీదుగా పోయింది. సూరమ్మ వెళ్లి మొక్క పక్కన కూర్చుంది, అంతే. రాళ్లు పరిచేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని బాటను పక్కకు వంచారు.

దొర వచ్చి చూశాడు. "ఏమిట్రా ఈ వంకర?"

"నేల ఒప్పుకోనేదు బాబూ," అన్నాడు మేస్త్రీ అప్పలస్వామి.

"నేలకు నోరెక్కడిదిరా?"

"మా నోళ్లున్నాయి గదా బాబూ."

గంపలన్నీ కిందికి దిగాయి. దొర చూపు సూరమ్మ మీద పడింది.

"అక్కడేముంది?"

"నా బిడ్డ బాబూ."

"పేరు?"

"పెట్టనేదు."

దొర వెనుదిరిగాడు. అప్పలస్వామి ఆమె ఎదుట చతికిలబడ్డాడు. "ఇప్పుడు పెట్టవే సూరమ్మా. అందరం ఉన్నాం గదా."

ఆమె మొక్క మొదట్లో చేయి ఆనించి, "పొగడమ్మ," అంది. కూలీలంతా ఒక్క గొంతుతో ఆ పేరు పిలిచారు.

జమీందారీలు పోయి మేడ ప్రభుత్వపరమైంది. ఈమధ్య తోటను బాగుచేయించినప్పుడు పటంలో బాటకు మళ్లీ తిన్నని గీతే వచ్చింది. గడ్డి పరిచే ఆడకూలీలు పని ఆపి చెట్టు చుట్టూ కూర్చున్నారు. ఇంజనీరమ్మ సంగతంతా విని, పటం మీద గీతను వంచింది.

నేటికీ పేరు పెట్టకముందే బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఇక్కడికి వస్తారు. చెట్టుకు చెంబెడు నీళ్లు పోసి, పెట్టాలనుకున్న పేరు పైకి చెబుతారు. ఆ వేళకు తోటలో ఎవరున్నా, తోటమాలి అయినా కలెక్టరైనా, ఆగి ఆ పేరును ఒకసారి పిలవాలి. అలా పిలిపించుకున్న తల్లికి ఆనాడు కంటినిండా నిద్ర పడుతుందని ఇక్కడివారి నమ్మకం.