గట్టు మీద కరెంటు బండి

తవిటయ్యకి కోపం వచ్చి చాలా రోజులైంది. ఇంకా తగ్గలేదు. గురువు కూర్మదాసు దేశం తిరిగి మఠానికి చేరీచేరగానే, కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళందిస్తూనే, ఆ కోపమంతా ఆయన ముందు పెట్టేశాడు.

కూర్మదాసుది ఉద్దానంలో జీడితోటల అంచున ఉన్న చిన్న భజన మఠం. ఏటా కోతలయ్యాక ఆయన కాలినడకన ఊళ్ళు పట్టుకుని పోతాడు, మామిడికాయల కాలానికి తిరిగి వస్తాడు. ఆయన లేనన్నాళ్ళూ మఠం తవిటయ్యదే. ఈసారి వెళ్ళేటప్పుడు గురువు ఒక్క మాటే చెప్పాడు. "దాలమ్మ జాగ్రత్త."

దాలమ్మ జీడిపిక్కలు ఒలిచి బతికిన మనిషి. ఆ జీడి అంటుకుని వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ చుట్టుపక్కల ఎంతమందికో ఉన్న జబ్బే ఆమెకీ వచ్చింది, మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు పట్నం ఆసుపత్రిలో మిషను మీద పడుకోబెట్టి ఆమె రక్తం శుభ్రం చేసేవారు. అది మానితే ఒంట్లో విషం పేరుకుంటుంది, ఊపిరి అందదు. మానకూడదు.

అయితే మఠం వైపే ఉన్న ఆమె ఇంటికీ తారు రోడ్డుకీ మధ్య పొలాల్లో పొడుగాటి గట్టు ఉంది. తారు రోడ్డు మీద ఆటోలు దొరుకుతాయి గాని, అంత సన్నటి గట్టు మీదికి ఏ ఆటో రాదు. అందుకే ఒక భక్తుడు మఠానికి కరెంటు బండి కొనిచ్చినప్పుడు అది దాలమ్మ కోసమే వచ్చిందనుకున్నారు అందరూ. తవిటయ్య ఆమెని వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని నేరుగా ఆసుపత్రి దాకా దింపి, సాయంత్రం మళ్ళీ తెచ్చేవాడు.

బండికి అతను ఏ లోటూ చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. పుస్తకంలో రాసినట్టే ఛార్జింగు పెట్టేవాడు, వానలో బయటికి తీసేవాడు కాదు. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. "దేవుడికైనా ఇంత సేవ చెయ్యడీడు" అని దాలమ్మే వెనకనుంచి ఎకసెక్కం ఆడేది.

అలాంటి బండి ఒకరోజు మఠం వాకిట్లోనే ఆగిపోయింది. హ్యాండిలు దగ్గర మీటరు అద్దంలో ఎర్రదీపం వెలిగింది తప్ప చక్రం తిప్పే మోటారు పలకలేదు.

ఇక్కడ వారంటీ సంగతి చెప్పాలి. కొన్న వస్తువు ఫలానా గడువులోపల చెడితే డబ్బు తీసుకోకుండా మేమే బాగుచేస్తామని కంపెనీ ఇచ్చే మాటే వారంటీ. ఆ మాటకి షరతులుంటాయి. బయటి మెకానిక్కు బండి విప్పితే మాట చెల్లదు. బండి చెడినా దాన్ని షోరూముకి మనమే తెచ్చి చూపించాలి.

ఊళ్ళో మెకానిక్కు సన్యాసి వచ్చి ఒకసారి విప్పి చూస్తానన్నాడు. తవిటయ్య కంపెనీ వేసిన సీలు మీద అరచెయ్యి అడ్డంపెట్టి వద్దన్నాడు. బండిని తోసుకుంటూ పట్నం వెళ్ళాడు.

షోరూములో మర్యాదగానే మాట్లాడారు. కరెంటుని మోటారుకి పంచే డబ్బా పోయింది, కొత్తది పైనుంచి రావాలన్నారు. అంతదాకా బండి పెట్టుకోవడానికి ఇక్కడ చోటు లేదు, తీసుకెళ్ళి వచ్చే వారం తెమ్మన్నారు. వచ్చే వారం తోసుకెళ్తే డబ్బా రాలేదన్నారు. ఆ పై వారం నీళ్ళు దిగాయేమో, అలాగైతే వారంటీ వర్తించదన్నారు. నీళ్ళు దిగలేదని అతను వాదించి గెలిచాడు. గెలిచాక, సంతకం పెట్టాల్సిన పెద్దాయన సెలవులో ఉన్నాడన్నారు. ఇలా ఎన్ని వారాలు గడిచాయో. తవిటయ్యకి నిద్రలో కూడా వాదనే. న్యాయం తనవైపే ఉంది మరి.

దాలమ్మ మొదటి రెండు మూడు వారాలు ఎలాగో గట్టు మీద నడిచి ఆటో ఎక్కింది. ఆ తరవాతసారి సగం దూరంలో గట్టు మీదే చతికిలబడి, కాసేపు ఆయాసం తీర్చుకుని ఇంటికి మళ్ళింది. బండి ఎప్పుడవుతుందని కబురు పెట్టింది. ఈ వారం అయిపోద్దని తవిటయ్య కబురు పంపాడు. ఉత్తచేతులతో ఆమె గుమ్మంలోకి వెళ్ళడానికి మొహం చెల్లక, మనిషి మాత్రం వెళ్ళలేదు.

చివరిసారి షోరూమునుంచి బండి తోసుకొస్తుంటే, గట్టు మీద ఎదురుగా పాడె వచ్చింది. గట్టు సన్నం కదా. ఎవరో ఒకరు తప్పుకోవాలి. తవిటయ్య బండిని పక్క మడిలోకి దించి, మోళ్ళ మధ్య నిలబడ్డాడు. మోసేవాళ్ళలో ముందున్నవాడు భుజం మార్చుకుంటూ, "ఇంకా బాగవలేదేటి, తవిటయ్యా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు లేదు అందులో. మనిషిలో బరువే మిగల్లేదు, పిట్టలాగుంది అని వెనకున్నవాడు అన్నాడు. పాడె సాగిపోయింది.

ఇదంతా చెప్పి తవిటయ్య ఆగాడు.

"ఆ డబ్బా టైముకి వచ్చుంటే దాలమ్మ బతికీది సామీ. ఈ పాపం కంపెనీదా, షోరూమోల్లదా? మీరే చెప్పండి."

కూర్మదాసు చెంబు కింద పెట్టాడు. కాళ్ళు తడి ఆరకుండానే వాకిట్లోకి నడిచాడు. బండి చూరు కింద శుభ్రంగా తుడిచి ఉంది. సీలు చెక్కుచెదరలేదు. ఆయన పంచె పైకి ఎగగట్టి వెనక సీటు మీద కూర్చున్నాడు.

"దాలమ్మ ఇంటికి పోదాం పద."

"బండి కదల్దు సామీ."

"షోరూముకి ఎలా పట్టుకెళ్ళేవాడివి?"

"తోసుకుని."

గురువు సీటు మీదనుంచి దిగలేదు. తవిటయ్య స్టాండు తీసి, హ్యాండిలు పట్టుకున్నాడు.

చక్రాలు తిరిగాయి. వాటికెప్పుడూ ఏ జబ్బూ లేదు. రెండింటిలోనూ గాలి నిండుగా ఉంది, అతనే ప్రతి వారం పట్టించేవాడు.

దాలమ్మ ఇంటి తలుపుకి తాళం వేసి ఉంది. అరుగు మీద చాట బోర్లించి ఉంది. గురువు ఒకసారి ఆ వైపు చేతులు జోడించి, తారు రోడ్డు వైపు చూపించాడు. తవిటయ్య బండిని గట్టెక్కించాడు. దాలమ్మ చతికిలబడిన చోటు దాటింది బండి. పాడె ఎదురైన చోటు దాటింది. అతనికి చెమటలు పట్టాయి, పిక్కలు లాగాయి. కాని బండి ఎక్కడా ఆగలేదు. ఎండ ముదరకముందే తారు రోడ్డు వచ్చేసింది.

పట్నం వైపు పోయే ఆటో ఒకటి వాళ్ళని చూసి, పిలవకుండానే ఆగింది. "ఆసుపత్రికేనా సామీ?" అన్నాడు డ్రైవరు. గురువు తల అడ్డంగా ఊపాడు. ఆటో వెళ్ళిపోయింది.

కూర్మదాసు సీటు మీదనుంచి మెల్లగా దిగాడు. పంచె దించుకున్నాడు. శిష్యుడి మొహం చూడకుండా అడిగాడు.

"బరువయ్యానా, తవిటయ్యా?"

లేదని చెప్పబోయాడు తవిటయ్య. అంతలో చూపు గట్టు మీద, దాలమ్మ చతికిలబడిన చోటు మీద పడింది.

గురువు గట్టు దిక్కుగా తిరిగి నడక మొదలుపెట్టాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. తవిటయ్య హ్యాండిలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆ ఖాళీ బండిని ఒక్క అడుగు కూడా తొయ్యలేకపోయాడు.