గాలిలోకి వెళ్ళిన రాయి

పొరుగు రాజ్యానికి కరెంటు అమ్మాలని దివానుగారు సిద్ధారంపల్లె జొన్నచేల మీదుగా తీగలు లాగించాడు. ఊళ్ళో మాత్రం ఆముదం దీపాలే. జనం అడ్డుపడితే, "నేల ఒక్కటే మీది. పైనున్న గాలీ, అందులో ఉన్నదంతా రాజుగారిది" అని తేల్చేశాడు.

మర్నాటికి తీగలు మోసే పింగాణీ గిన్నెలు పగిలిపోయాయి. మంచె మీద వడిసెలతో పిట్టల్ని తోలే సుంకమ్మను భటులు పట్టుకొచ్చారు.

"రాళ్ళు విసిరింది నువ్వేనా? చెరసాలలో తోయిస్తా" అన్నాడు దివాను.

"నేనే సామీ, పిట్టల మీదికి విసిరినా. వడిసెల దాటి గాలిలోకి పోయినాక అది రాజుగారి రాయే గదా. రాజుగారి రాయి రాజుగారి గిన్నెను పగలగొడితే నన్నెందుకు తోయిస్తారు?"

తన మాటే తనకు అడ్డొచ్చి దివాను ఆమెను వదిలేశాడు. వారం తిరక్కుండానే తీగలు పిట్టల్ని తోలేవాళ్ళు లేని బీడు మీదికి మారాయి. ఆ ఊళ్ళో మాత్రం కంకి మీద పిట్ట వాలితే నేటికీ, "దివానుగారు వేంచేశారు" అంటూ వడిసెల అందుకుంటారు.