ఆడి తప్పిన సూదమ్మ

అనగనగా, మన తాతల తాతలకు తేనె రుచి ఇంకా తెలియని రోజుల్లో, నల్లమల అడవిలో ఒక తేనెటీగల గుంపు ఉండేది. గాలివానకు వాటి చెట్టు కూలింది. గుంపంతా రాణిని నడుమ పెట్టుకుని ఓ కొమ్మకు వేలాడింది. మరో వాన వచ్చేలోగా ఇల్లు దొరక్కపోతే ఒక్కరూ మిగలరు.

ఇల్లు వెతకడం కూలి ఈగల పని. తొర్ర చూసివచ్చిన ఈగ అందరి ముందూ ఆడి చూపాలి. దారి, దూరం, మంచీచెడ్డా అన్నీ ఆ ఆటలోనే తెలుస్తాయి. తాను చూడనిది ఆడకూడదు; ఆడి తప్పకూడదు. అది వాళ్ల కట్టుబాటు.

సూదమ్మ అనే కూలి ఈగ ఇప్పచెట్టులో ఒక తొర్ర చూసివచ్చింది. ఇరుకు వాకిలి, లోపల బోలెడు చోటు! ఇక ఆడిందే ఆట. మొదట ముగ్గురు అక్కచెల్లెళ్లు వెళ్లి చూసొచ్చి తోడు ఆడారు. తరవాత ముప్పై మంది. ఆపైన మూడు వందలు.

మద్దిచెట్టు తొర్రను చూసివచ్చిన నల్లక్క మాత్రం ఓ మూల ఒంటరిగా ఆడుతోంది.

"అక్కా, నీ ఆట చూడ్డానికి నీ నీడైనా రాలేదే!" అని నవ్వింది సూదమ్మ.

పొద్దెక్కింది. చినుకులు మొదలయ్యాయి. ముచ్చట తీరక సూదమ్మ తన తొర్రను ఇంకోసారి చూడబోయింది. పైన సన్నని పగులు! నీళ్లు కారి అడుగున మడుగు కట్టాయి. చెబితే తలవంపులు. చెప్పకపోతే రాణితో సహా అందరూ మునుగుతారు.

తిరిగొచ్చేసరికి గుంపు లేవబోతోంది.

"అక్కల్లారా, ఆగండి! నా తొర్ర కారుతోంది. నేను ఆడింది తప్పు."

"ఆడి తప్పుతావా?" గుంపంతా గుయ్యిమంది.

"తప్పుతాను. నాకు సిగ్గయితే అయింది, మీరు బతకాలి."

అని, తడిరెక్కలతోనే మద్దిచెట్టుకు ఎగిరింది. లోపలంతా పొడిగా ఉంది. తిరిగొచ్చి నల్లక్క పక్కన నిలిచి, నల్లక్క ఆటే ఆడింది. చూసి ముగ్గురు వచ్చారు, ముప్పై మంది వచ్చారు, మూడు వందలూ వచ్చారు.

అందరూ మద్ది తొర్రలో చేరారో లేదో, కుండపోత! ఇప్పచెట్టు తొర్ర నిండి వాకిట్లోంచి నీళ్లు పొర్లాయి.

కొందరు ఇంకా సణుగుతుంటే రాణి అంది: "కట్టుబాటు గుంపు కోసమే కదా! గుంపే మునిగాక అది ఎవరికి?"

నల్లక్క రొమ్ము విరుచుకుని, "అది నా చెల్లెలు!" అని తొర్రంతా వినబడేలా చెప్పింది.

పిల్లలూ, ఆడి తప్పకపోవడం గొప్పే. ఆడింది తప్పని తెలిశాక నలుగురిలో ఒప్పుకోవడం అంతకన్నా గొప్ప.